వైశాఖ పున్నమి ధ్యానం ఇంట్లో ఎట్లా చేసుకోవాలి

ముందుగా టైం సంగతి తేల్చుకోవాలి. వైశాఖ పున్నమి ధ్యానం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే. పున్నమి అనగానే రాత్రి అన్నం తిని దాబా ఎక్కి, చంద్రుడికి ఎదురుగా కూర్చోవడం అనుకుంటారు. ఈ ధ్యానం దివ్యజ్ఞాన (థియోసఫీ) బోధనల నుంచి వచ్చింది. వాటిలో పున్నమి అంటే రాత్రంతా కాదు, ఒక్క క్షణం. భూమికి ఇటు పక్క సూర్యుడు, సరిగ్గా అటు పక్క చంద్రుడు నిలిచి, ఇద్దరి మధ్య 180 డిగ్రీలు నిండే క్షణం. అది రాత్రే రావాలని లేదు. మిట్టమధ్యాహ్నం రావచ్చు, కోడి కూసే వేళ రావచ్చు. చంద్రుడు కనబడాలని కూడా లేదు. ఆకాశం మబ్బు పట్టినా, తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నా ధ్యానానికి లోటేమీ రాదు.

ఆ క్షణం తెలుసుకోవడానికి ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్ చాలు. ఒక్కో తిథికి చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరుగుతాడు. పదిహేను తిథులు నిండితే 180 డిగ్రీలు. కాబట్టి పౌర్ణమి తిథి ఎప్పుడు ముగుస్తుందని రాసి ఉంటుందో అదే మనకు కావలసిన సమయం. మొదలయ్యే సమయం కాదు, ముగిసే సమయం. 2025లో అది మే 12 రాత్రి 10 గంటల 26 నిమిషాలకు వచ్చింది. 2026లో మే 1 రాత్రి 10 గంటల 53 నిమిషాల ప్రాంతంలో. మీ దగ్గర రెండు పంచాంగాలుండి రెండింట్లో వేరువేరు టైములు కనబడితే, దృక్ గణితంతో లెక్కగట్టినది తీసుకోండి. ఆకాశంలో నిజంగా జరిగేదానికి సరిపోయేది అదే.

రెండో చిక్కు, ఏ పున్నమి అన్నది. మన పంచాంగం రాశులను నక్షత్రాలను బట్టి లెక్కపెడుతుంది. ఈ బోధనలు సాయన పద్ధతిలో, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు నుంచి లెక్కపెడతాయి. రెండింటికీ ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. సాయన లెక్కలో సూర్యుడు వృషభంలో ఉండేది సుమారుగా ఏప్రిల్ 20 నుంచి మే 20 వరకు. ఆ మధ్యలో వచ్చే పున్నమే ఈ పండుగ. చాలా ఏళ్ళు మన వైశాఖ పున్నమి అందులోనే పడుతుంది కాబట్టి పేచీ ఉండదు. 2024లో మాత్రం పడలేదు. బుద్ధ పూర్ణిమ మే 23న వచ్చింది, అప్పటికే సూర్యుడు మిథునంలోకి దాటాడు. వృషభ పున్నమి క్షణం అంతకు నెల ముందు, ఏప్రిల్ 24 తెల్లవారుజామున 5 గంటల 19 నిమిషాలకు వచ్చి పోయింది. మనకది చైత్ర పున్నమి, హనుమాన్ చిన్న జయంతి. ఉత్తర తెలంగాణలో ఎవరినడిగినా ఆ రోజు కొండగట్టు అంజన్నదే అంటారు. కాషాయం కట్టిన దీక్షాపరులు దారి పొడుగునా నడుస్తుంటారు. ఆ ఏడు హనుమకొండలో మా ఇంటికి వచ్చేవాళ్ళు "టీచర్, మరి ఏ రోజు కూర్చుందాం?" అని అడిగారు. రెండు రోజులూ కూర్చున్నాం. నా సలహా కూడా అదే. లెక్క ప్రకారం వృషభ పున్నమికి ఒకసారి, లోకమంతా బుద్ధుణ్ణి తలుచుకునే రోజున ఇంకోసారి. రెండుసార్లు కూర్చుంటే పోయేదేమీ లేదు.

ఈ పండుగ ఎక్కడిది

నేను ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. ఏదైనా సరే ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా చేయడం నాకు నచ్చదు. అందుకే ఇది కాస్త ఓపికగా చదవండి.

బౌద్ధ దేశాల్లో వైశాఖ పున్నమి చాలా పెద్ద పండుగ. బుద్ధుడు పుట్టిందీ, జ్ఞానం పొందిందీ, పరినిర్వాణం చెందిందీ ఈ పున్నమినాడే అని థేరవాద సంప్రదాయం. దాన్నే వెసాక్ అంటారు. ఆంగ్లేయుల పాలనలో ఉన్న సింహళంలో ఈ రోజుకు 1885లో సెలవు సాధించడంలో కర్నల్ ఆల్కాట్ కృషి ఉంది. మేడమ్ బ్లావట్‌స్కీతో కలిసి 1875లో న్యూయార్క్‌లో దివ్యజ్ఞాన సమాజం పెట్టిన ఆల్కాటే ఆయన. ఆ సమాజం 1882లో మద్రాసు అడయారుకు తరలివచ్చింది. 1999లో ఐక్యరాజ్యసమితి కూడా వెసాక్‌ను గుర్తించింది. ఇదంతా బయటి చరిత్ర.

లోపలి అర్థం గురించి మొదట దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్, తర్వాత మరింత వివరంగా ఆలిస్ బెయిలీ రాశారు. బెయిలీ 1919 నుంచి 1949లో చనిపోయేదాకా రాసిన గ్రంథాల్లో చాలావాటికి మూలం 'టిబెటన్' అనే గురువు అని చెప్పారు. ఆయన్నే మనవాళ్ళు జ్వాలాకూల మహర్షి అంటారు. తెలుగువాళ్ళలో ఈ బోధనలను ఇంటింటికీ చేర్చినవారిలో ముఖ్యులు మాస్టర్ ఇ.కె.గా పిలుచుకునే ఎక్కిరాల కృష్ణమాచార్య. ఆయన 1971లో విశాఖపట్నంలో వరల్డ్ టీచర్ ట్రస్ట్ స్థాపించారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇప్పుడు నేను చెప్పబోయే లోయ కథ పాలి గ్రంథాల్లో ఉన్నది కాదు. ఒక బౌద్ధ భిక్షువును అడిగితే మాకు తెలియదనే అంటారు. ఇది దివ్యజ్ఞానుల పరంపరలో వచ్చింది. ఆ తేడా గుర్తుంచుకుంటే ఇద్దరికీ మర్యాద ఇచ్చినట్టు.

లోయ

హిమాలయాల అవతల, ఎత్తయిన చోట ఒక లోయ ఉందట. చుట్టూ కొండలు, కొండల మీద చెట్లు. లోయ అడుగున మాత్రం చెట్టూ చేమా లేదు, ముతక గడ్డి మాత్రమే. ఈశాన్యం వైపు సన్నటి సందులా ఉండి, దక్షిణం వైపు విశాలంగా విప్పుకుంటుంది. ఆ సన్నటి చోట ఒక పెద్ద బల్లపరుపు బండ. వృషభ పున్నమి దగ్గరపడే కొద్దీ యాత్రికులు వచ్చి దక్షిణం వైపు నిండుతారు. బండకు దగ్గరగా మహర్షులూ వారి శిష్యులూ నిలబడతారు. బండ మీద నీళ్ళతో నిండిన పెద్ద స్ఫటిక పాత్ర ఉంటుంది. బండ ముందు ముగ్గురు మహాగురువులు. మధ్యలో నిలిచే ఆయన్ను ఈ బోధనలు క్రీస్తు అంటాయి, మైత్రేయుడు అని కూడా అంటాయి. ఒక పక్క మనువు, ఇంకో పక్క మహాచోహన్ అనే గురువు.

మంత్రాలు మొదలవుతాయి. గుంపు వంతులవారీగా కదులుతూ నేల మీద ఆకృతులుగా నిలబడుతుంది, త్రికోణంగా, అయిదు కోణాల నక్షత్రంగా. పున్నమి క్షణానికి కొన్ని నిమిషాల ముందు అంతా నిశ్శబ్దం. అప్పుడు దూరంగా ఆకాశంలో ఒక చుక్క. అది దగ్గరవుతూ, పెరుగుతూ, పద్మాసనంలో కూర్చున్న బుద్ధుడి ఆకారం అవుతుంది. కాషాయ వస్త్రం, ఆశీర్వదిస్తున్న చేయి. బండ పైన గాలిలో ఆగుతాడు. ఎనిమిది నిమిషాలు మాత్రమే. తర్వాత నెమ్మదిగా వెనక్కి వెళ్ళి మళ్ళీ చుక్కగా మారిపోతాడు. పాత్రలోని నీళ్ళను అక్కడున్న అందరూ తలా ఒక గుక్క తాగి వెళ్తారు.

లోకాన్ని వదిలి పోయే స్థాయికి చేరిన బుద్ధుడు, మనుషుల బాధ చూసి, ఏటా ఒకసారి తిరిగి వస్తానని మాట ఇచ్చాడని ఈ కథకు మూలం. ఆయన జ్ఞానానికి ప్రతినిధి. బండ ముందు నిలిచిన మైత్రేయుడు ప్రేమకు ప్రతినిధి. జ్ఞానం పై నుంచి వస్తే, ప్రేమ దాన్ని అందుకుని మనుషుల దాకా చేరుస్తుంది. ఆ అందుకోవడమే పండుగ.

కాజీపేట నుంచి మా ఇంటికి వచ్చే ఒక అక్క చర్చికి పోయే మనిషి. క్రీస్తు పేరు వినగానే "ఇది మా ప్రభువేనా టీచరమ్మా?" అని అడిగింది. ఈ బోధనల్లో క్రీస్తు అన్నది జగద్గురు స్థానానికి పేరు, చర్చి చెప్పేదానికీ దీనికీ తేడా ఉంది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆలోచించుకుని, "నేను నా ప్రభువునే తలుచుకుంటా" అంది. అట్లాగే తలుచుకుంటూ ఇప్పటికీ వస్తోంది. మీ దగ్గర కూడా ఇటువంటి వాళ్ళుంటే వాదం పెట్టుకోకండి. భాగవతం చదివినవాళ్ళు విదురుడికి బోధ చేసిన మైత్రేయ మహర్షిని తలుచుకుంటారు. ధ్యానం ఎవరిదీ చెడదు.

పున్నమే ఎందుకు

పురుషసూక్తంలో "చంద్రమా మనసో జాతః" అని ఉంది. చంద్రుడంటే మనసు. మన కోరికలు, అలవాట్లు, భయాలు, అంతా ఆ ఖాతాలోనే. సూర్యుడు ఆత్మ. అమావాస్యనాడు చంద్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యలోకి వస్తాడు. పున్నమినాడు పక్కకు తప్పుకుని ఎదురుగా నిలబడతాడు, తన మొహమంతా సూర్యుడి వెలుగు నింపుకుంటాడు. బెయిలీ బోధనల్లో చంద్రుడు స్వయంగా ఇచ్చేది ఏమీ లేదు. అడ్డు తొలగడమే పున్నమి గొప్పతనం. మనసు కూడా ఆ కాసేపు అడ్డు తప్పుకుని ఆత్మకు ఎదురుగా నిలబడగలిగితే అదే ధ్యానం.

అందుకే పున్నమి రాత్రి కోరికలు కాగితం మీద రాసి నీళ్ళ కింద పెట్టండి, ఉద్యోగం వస్తుంది, డబ్బు వస్తుంది అని ఫోన్లలో తిరిగే వీడియోలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. అది సరిగ్గా తిరగేసిన పని. మనసు అడ్డు తప్పుకోవాల్సిన వేళ మనసునే ముందు నిలబెట్టడం. మా గల్లీలో గ్రూప్స్‌కు చదువుకునే ఒక అమ్మాయి ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు "రిజల్ట్ టెన్షన్ ఎక్కువైంది టీచర్, దాని గురించి మొక్కుకోవచ్చా?" అంది. "మొక్కు ఉంటే పొద్దున భద్రకాళి అమ్మవారికి మొక్కుకో బిడ్డా, అది తప్పు కాదు. ఈ అరగంట మాత్రం నీ గురించి ఏమీ అడగకు" అని చెప్పాను. అరగంట తన గురించి అడగకుండా కూర్చోవడం ఎంత కష్టమో, ఎంత హాయో కూర్చుంటేనే తెలుస్తుంది.

వృషభ రాశికి ఈ బోధనల్లో ఒక ధ్యానవాక్యం ఉంది. "నేను చూస్తున్నాను. కన్ను తెరుచుకున్నప్పుడు అంతా వెలుగే" అని దాని భావం. కూర్చున్నప్పుడు మనసులో నిలుపుకోవలసిన ఆలోచన ఇదే. వృషభం కోరికకు గుర్తు, అదే కోరిక శుద్ధి అయితే చూపుకు గుర్తు. ఈ వాక్యం పట్టుబడకపోతే మా ఊరివాళ్ళకు నేనొక దారి చెబుతాను. వేయి స్తంభాల గుడికి పోయి, అక్కడి నల్లరాతి నంది ముందు కాసేపు నిలబడి రండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఒళ్ళంతా గంటలూ గొలుసులూ, అంత బలమున్న జంతువు, అయినా కాళ్ళు మడుచుకుని కదలకుండా కూర్చుని చూస్తుంటుంది. నంది ప్రస్తావన ఈ బోధనల్లో ఎవరో చేశారని కాదు, నాకు తోచింది చెబుతున్నా. బలమంతా చూపుగా మారడం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమవుతుంది.

అయిదు రోజుల వరస

ఇది ఒక్క రోజు పండుగ కాదు. పున్నమికి ముందు రెండు రోజులు, పున్నమి రోజు, తర్వాత రెండు రోజులు. 2026లో అయితే ఏప్రిల్ 29 నుంచి మే 3 దాకా.

మొదటి రెండు రోజులు సిద్ధపడటానికి. ఉపవాసం అక్కర్లేదు, అసలు మా ఎండల్లో నేను వద్దనే అంటాను. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు అస్సలు చేయకూడదు. తేలిగ్గా తినండి, పెసరపప్పు, పచ్చిపులుసు, మజ్జిగ, పొద్దుగాల ఇంత జొన్న అంబలి. మాట తగ్గించండి. టీవీలో గొంతులు చించుకునే చర్చలు ఆ రెండు రోజులు ఆపండి. ఎవరి మీదైనా మనసులో కోపం ఉంటే ఆ మనిషిని తలుచుకుని మంచి కోరండి. ఫోన్ చేసి మాట్లాడగలిగితే మాట్లాడండి, లేకపోతే మనసులోనే. పొద్దున పావుగంట కూర్చుని, ఈ పున్నమికి ప్రపంచం నలుమూలలా కూర్చోబోతున్నవాళ్ళతో మనం ఒకటి అని అనుకోండి. ఒంటరిగా ఉండేవాళ్ళకు ఈ ఆలోచన మరీ ముఖ్యం. ఇల్లంతా నవ్వుతుందని మాట ఎత్తకుండా మేడ మీద గదిలో ఒక్కరే కూర్చునేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళూ ఆ గుంపులోనివాళ్ళే.

పున్నమి రోజును భద్రపరచుకునే రోజు అంటారు. ఆ రోజు ఏమీ చేయనక్కర్లేదు, ఏదీ చెదరనీయకుండా ఉంటే చాలు. మనసు ఎత్తులో నిలిపి పట్టుకోవడమే పని. సెలవు దొరికితే మంచిదే, దొరక్కపోయినా ఆఫీసులో ఉండి కూడా నిలుపుకోవచ్చు. మా దగ్గరకు వచ్చే ఒక ఆటో తమ్ముడు ఆ రోజంతా హనుమకొండ చౌరస్తాలో ఆటో నడిపి, రాత్రి తొమ్మిదికి స్నానం చేసి వస్తాడు. కిరాయి దగ్గర ఎవరితోనూ గట్టిగా మాట్లాడకుండా ఉండటమే తన సాధన అంటాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

కూర్చునే పద్ధతి

సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక చాప, నువ్వుల నూనె దీపం, ఇత్తడి సర్వలో నీళ్ళు. నీళ్ళు రంజన్‌లోవి, అంటే మట్టి కుండలోవి, పోస్తాం. కథలోని స్ఫటిక పాత్రకు గుర్తుగా అది మధ్యలో ఉంటుంది. అగరొత్తులు ఒకటికి మించి వెలిగించకండి, ఆయాసం ఉన్నవాళ్ళకు ఇబ్బంది. బుద్ధుడి పటం ఉంటే పెట్టుకోండి, లేకపోతే లేదు. కింద కూర్చోలేనివాళ్ళకు కుర్చీ వేయండి. నడుము నిటారుగా ఉంటే చాలు, పద్మాసనం పట్టుదల వద్దు.

పున్నమి క్షణం 10:53 అనుకుంటే, అందరూ 10:15 కల్లా చేరాలి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టి పక్క గదిలో ఉంచాలి. గోడ గడియారాన్ని ముందు రోజే సరిచూసుకోండి. 10:35కు దీపం వెలిగించి మొదలుపెడితే హడావిడి ఉండదు.

కళ్ళు మూసుకుని ముందు ఒంటిని వదులు చేయాలి, పాదాల నుంచి తల దాకా. తర్వాత ఊపిరి. తర్వాత ఆ పూట మనసులో ఉన్న భావాలు, చికాకో సంతోషమో, ఏదైతే అది, చూసి వదిలేయాలి. తర్వాత ఆలోచనలు. ఈ నాలుగూ కుదురుకున్నాక, తల పైన ఒక వెలుగు ఉన్నట్టు, అదే మన ఆత్మ అన్నట్టు భావించాలి. పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరి తల పైనా అటువంటి వెలుగే. ఆ వెలుగులన్నీ కలిసి ఒకటైనట్టు. ఇక్కడి దాకా పది నిమిషాలు పడుతుంది, తొందరపడొద్దు.

అప్పుడు ఆ లోయను మనసులోకి తెచ్చుకోవాలి. గడ్డి, బండ, నీళ్ళ పాత్ర, నిశ్శబ్దంగా నిలబడిన జనం. మనం అక్కడ చివరి వరసలో నిలబడి ఉన్నాం. ముందుకు పోవాలని చూడొద్దు, చివరి వరస చాలు. బొమ్మ కళ్ళకు కట్టినట్టు కనబడకపోయినా ఫరవాలేదు. అక్కడ ఉన్నామన్న నమ్మకం ముఖ్యం. ధ్యానవాక్యాన్ని ఒకసారి మనసులో అనుకుని వదిలేయాలి. పదే పదే జపించనక్కర్లేదు.

పున్నమి క్షణం చుట్టూ ఎనిమిది పది నిమిషాలు పూర్తి మౌనం. ఏమీ ఊహించొద్దు, ఏమీ అడగొద్దు. ఆలోచనలు వస్తాయి, రానివ్వండి, పోనివ్వండి. కొందరికి ఏమీ అనిపించదు. కొందరికి కళ్ళ వెంట నీళ్ళు వస్తాయి. ఏదీ ఇంకోదానికంటే గొప్ప కాదు. అయ్యాక "నీకేం కనబడింది" అని ఒకరినొకరు అడగడం మా ఇంట్లో లేదు.

తర్వాత పంచే భాగం. అందుకున్నదాన్ని మన గుండె దగ్గరకు దించుకుని, అక్కడి నుంచి బయటికి పంపాలి. మొదట మన గల్లీ, తర్వాత ఊరు, దేశం, ప్రపంచం. ఇక్కడ మహా ఆవాహన అనే ప్రార్థన చెబుతారు. 1945లో బెయిలీ ద్వారా లోకానికి అందింది. దేవుడి మనసు నుంచి మనుషుల మనసుల్లోకి వెలుగు, దేవుడి హృదయం నుంచి మనుషుల హృదయాల్లోకి ప్రేమ, దైవ సంకల్పం నుంచి మనుషుల చిన్న సంకల్పాలకు దారి, ఇదీ అందులోని భావం. తెలుగు అనువాదం దగ్గరుంటే అందరూ కలిసి చదవండి. లేకపోతే "లోకాః సమస్తాః సుఖినో భవంతు" చాలు. మూడుసార్లు ఓంకారంతో ముగించి, సర్వలోని నీళ్ళు తలా ఒక గుక్క తాగాలి.

చప్పుడు సంగతి కూడా చెప్పాలి. వైశాఖం పెళ్ళిళ్ళ నెల. మా ఇంటికి రెండు వీధుల అవతల ఫంక్షన్ హాల్ ఉంది. సరిగ్గా మౌనం మొదలయ్యే వేళకు బరాత్ బయల్దేరుతుంది, డీజే మోతకు కిటికీ అద్దాలు అదురుతాయి. కొత్తవాళ్ళు చికాకు పడతారు. పోట్లాడకండి. ఆ మోతను రెండు నిమిషాలు ఉత్త చప్పుడుగా వినండి, తర్వాత ఆ పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ చల్లగా ఉండాలని కోరండి. మనం వెలుగు పంపుతామంటున్న లోకంలో వాళ్ళు అందరికంటే దగ్గరివాళ్ళు. దోమల విషయానికి వస్తే దాబా మీద కంటే ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చోవడమే మేలు. కరెంటు పోతే కిటికీలు తీసి కొనసాగించండి, లేచి ఇన్వర్టర్ చూడటానికి ఒక్కరిని ముందే ఒప్పించి పెట్టుకోండి.

తర్వాతి రెండు రోజులు

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ధ్యానం బాగా కుదిరింది, మనసు తేలికైంది, ఇక అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో అసలు పండుగ ఈ రెండు రోజులే. బోధనల్లో వీటిని పంచే రోజులు అంటారు. అందుకున్నది మన దగ్గర ఉంచుకోవడానికి రాలేదు. లోయలో బుద్ధుడి దీవెన కూడా అక్కడున్నవాళ్ళ కోసం మాత్రమే కాదు కదా.

ఏం పంచాలి? వైశాఖంలో మన పెద్దలు ఉదకదానం గొప్పదన్నారు. మే మొదటి వారంలో వరంగల్లో ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మేము గల్లీ మొదట్లో వేపచెట్టు కింద చలివేంద్రం పెడతాం. రెండు పెద్ద రంజన్లు, కింద ఇసుక, పైన తడిగుడ్డ, స్టీలు గ్లాసులు. పొద్దున, మధ్యాహ్నం నీళ్ళు నింపే వంతులు ముందే రాసుకుంటాం. పంచే రెండు రోజుల్లో మొదలుపెట్టి మృగశిర కార్తె దాకా నడిపిస్తాం. అంత కుదరకపోతే గోడ మీద పిట్టలకు ఒక మూకుడులో నీళ్ళు పెట్టండి. ఎవరికైనా చాలా రోజులుగా చెప్పాలనుకున్న మంచిమాట చెప్పండి. చదువు చెప్పగలిగితే చెప్పండి. దాంతోపాటు ఆ రెండు రోజులూ పొద్దున పావుగంట కూర్చుని, పంపే భాగం ఒక్కటే చేయండి.

ఈ పంచడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషి పింగియుడు. సుత్తనిపాతం అనే పాలి భాషలోని బౌద్ధ గ్రంథంలో బావరి అనే ముసలి బ్రాహ్మణుడి కథ ఉంది. గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యంలో ఆశ్రమం కట్టుకుని ఉంటాడు. ఆ అస్సక రాజధాని మన నిజామాబాద్ బోధనే అనీ, బావరి ఉన్నది నిర్మల్ దగ్గర బాదన్‌కుర్తి ప్రాంతమనీ మన చరిత్రకారులు కొందరు చెబుతారు. బుద్ధుడి గురించి విని బావరి తన పదహారు మంది శిష్యులను ఉత్తరాదికి పంపుతాడు. వాళ్ళు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా నడిచి నడిచి చివరికి మగధలో ఆయన్ను కలుస్తారు, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడుగుతారు. ఆ పదహారు మందిలో ఒకడు పింగియుడు. విన్నదంతా తీసుకుని గోదావరి ఒడ్డుకు తిరిగి వచ్చి గురువుకు చెబుతాడు. అంత గొప్పవాణ్ణి వదిలి ఎట్లా ఉండగలుగుతున్నావని బావరి అడుగుతాడు. నేను ముసలివాణ్ణి, ఒంట్లో బలం లేదు, కాళ్ళతో అక్కడికి పోలేను, కానీ మనసుతో రాత్రీ పగలూ ఆయన్ను చూస్తూనే ఉన్నాను అంటాడు పింగియుడు. ఆ చోటు మన గోదావరి. రెండున్నర వేల ఏళ్ళ నాటి మాట. ఒక గుక్క జ్ఞానం తెచ్చి ఇంకొకరికి పోసినవాడు ఆయన. మనసుతో చూడటం ధ్యానం, తెచ్చి చెప్పడం పంచడం, రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి.

కరీంనగర్, పెద్దపల్లి వైపు వాళ్ళకు ఇంకో వీలుంది. ఈ అయిదు రోజుల్లో ఒక పొద్దున ధూళికట్ట స్తూపానికి పోయి రండి. శాతవాహనుల నాటిది. వానకు తడవకుండా బుద్ధుడికి పడగ పట్టిన ముచలింద నాగును చెక్కిన సున్నపురాతి పలకలు అక్కడ తవ్వకాల్లో దొరికాయి. బడి పిల్లలను తీసుకుపోయినప్పుడు నేను వాళ్ళకు చెప్పింది ఒక్కటే, బుద్ధుడు ఎక్కడో పరాయి దేశంవాడు కాదురా, మన చేన్ల మధ్య ఉన్నవాడే అని. ఎండ ముదరకముందే, ఎనిమిదింటికల్లా తిరిగి బయల్దేరండి, నీళ్ళు వెంట తీసుకుపోండి.

ఆ తర్వాతి పున్నమి

ఈ బోధనల్లో మూడు పున్నములు ఒక గొలుసు. మేష పున్నమి క్రీస్తు పునరుత్థానానిది, వృషభ పున్నమి బుద్ధుడిది, మిథున పున్నమి సద్భావన దినం. మిథున పున్నమినాడు బుద్ధుడి నుంచి వచ్చినదాన్ని మైత్రేయుడు మానవజాతి తరఫున నిలబడి పంచుతాడంటారు. 1952 నుంచి ఆ రోజున ప్రపంచమంతటా మహా ఆవాహన చదువుతున్నారు. కాబట్టి వైశాఖ పున్నమికి కూర్చున్నవాళ్ళు దాన్ని కూడా వదలకండి.

2026లో అది మే 31న, మధ్యాహ్నం 2 గంటల 15 నిమిషాలకు. మనకు అధిక జ్యేష్ఠ మాసం పున్నమి. రోహిణి కార్తె ఎండ, అందులోనూ ఆదివారం, జనం నిద్రపోయే టైము. దాబా ఆలోచనే పెట్టుకోకండి. లోపలి గదిలో కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టి, కూలర్ వేసుకుని కూర్చోండి. కూలర్ మోత మౌనానికి అడ్డం అనిపిస్తే ఒంటిగంటన్నర నుంచి గది చల్లబరిచి, ఆ పది నిమిషాలు మాత్రం ఆపండి. అన్నం పన్నెండింటికే తినేయాలి, కొంచెంగా. పెద్దవయసు వాళ్ళను ఆ ఎండలో రప్పించకండి. ఎవరింట్లో వాళ్ళు అదే నిమిషానికి కూర్చుంటే సరిపోతుంది, 2:15కు అలారం పెట్టుకోమని ముందు రోజు ఫోన్ చేసి చెప్పండి.